లవంగం, యాప పుల్ల, మా బాపు పన్ను

మా బాపుకి పన్ను నొప్పి లేచినప్పుడు "లవంగం పెట్టుకోమను, సరిపోతుంది" అని ఫోన్లో చెప్పింది నేనే. డాక్టరు కాదు, మా నాయినమ్మ కూడా కాదు. నాలుగేళ్ళు ఇంజనీరింగు చదివి, రోజూ మడికొండ ఐటీ పార్కులో కూర్చుని పక్కవాళ్ళ కోడ్‌లో తప్పులు వెతికే నేను. అమ్మ ఫోన్ చేసేసరికి మీటింగులో ఉన్నా. బయటికొచ్చి, రెండు నిమిషాలు నెట్లో వెతికి, "లవంగ నూనెకి బాక్టీరియాని చంపే గుణం ఉంది" అన్న ముక్క చదివి, అదే చెప్పేశా. సైన్సూ ఒప్పుకుంది, నాయినమ్మా ఒప్పుకుంది, ఇంక డాక్టరెందుకు?

నాలుగు రోజులకి నొప్పి నిజంగానే పోయింది. "జూశినవా బిడ్డా, నాయినమ్మ మందు ఎట్ల పనిజేసిందో. ఆస్పత్రికి పోతే ఉత్తగ పన్ను పీకేటోళ్ళు" అన్నాడు బాపు. నేను కూడా కాలరెగరేశా.

అయిదు వారాల తర్వాత ఒక రాత్రి బాపు దవడ కింద గట్టిగా వాచింది. తెల్లారేసరికి నోరు రెండు వేళ్ళంత కూడా తెరుచుకోవట్లేదు, ఉమ్మి మింగలేకపోతున్నాడు, ఒళ్ళు కాలిపోతోంది. ఆస్పత్రిలో డాక్టరు గారు చూసీ చూడగానే, ఈ వాపు ఇంకొంచెం లోపలికి దిగితే ఊపిరి ఆడదని చెప్పారు. మత్తిచ్చి, గడ్డం కింద కోసి చీము తీశారు, ఆ పన్ను పీకేశారు, తొమ్మిది రోజులు సెలైను. బతికి బయటపడ్డాడు. ఇప్పుడు సకినాలు కూడా నములుతున్నాడు, అది వేరే సంగతి.

ఆ తొమ్మిది రోజులూ ఆస్పత్రి వరండాలో నాకు ఒకటే ప్రశ్న. మన వాళ్ళు వేల ఏళ్ళుగా వాడిన మందులు అబద్ధమా? లేక నేను వాడిన చోటు తప్పా? అప్పట్నుంచి దొరికిందల్లా చదివాను. చదివాక తేలిందేంటంటే, మందులు అబద్ధం కావు. తప్పంతా నాది. అదెలాగో చెప్పడానికే ఇదంతా.

ముందు యాప పుల్ల సంగతి. (మా వైపు వేప అనరు, యాప అంటారు.) సుశ్రుత సంహిత చికిత్సా స్థానంలో పళ్ళు తోముకునే పుల్ల గురించి స్పష్టంగా ఉంది. పన్నెండు అంగుళాల పొడవు (మన స్కేలు అంగుళం కాదు, వేలి వెడల్పు), చిటికెన వేలంత లావు. చేదు పుల్లల్లో వేప మేలు, వగరు వాటిలో ఖదిరం అంటే చండ్ర, కారం వాటిలో కరంజం అంటే కానుగ, తీపి వాటిలో మధుకం. మధుకం అంటే ఇప్ప అని కొందరు, అతిమధురం అని కొందరు అంటారు. ఇప్ప అనుకుంటే ఈ నాలుగు చెట్లూ మన ఓరుగల్లు చుట్టుపక్కల ఉన్నవే. వేప, కానుగ ఊళ్ళోనే ఉంటాయి. చండ్ర, ఇప్ప కావాలంటే ఏటూరునాగారం అడవి వైపు పోవాలి.

బౌద్ధుల వినయ పిటకంలో కూడా పంటి పుల్లకి రూలుంది. ఎనిమిది అంగుళాలు మించకూడదు, నాలుగుకి తగ్గకూడదు. భిక్షువులకి నోరు కంపు కొట్టకూడదనీ, తిండి రుచి తెలియాలనీ కారణాలు కూడా చెప్పారు. క్రీ.శ. 671లో చైనా నుంచి బయల్దేరి, 695 దాకా మన దేశంలోనూ శ్రీవిజయంలోనూ గడిపిన ఇత్సింగ్ అనే బౌద్ధ సన్యాసి, ఇక్కడి వాళ్ళు పొద్దున్నే పుల్ల నమిలి, నాలుక గీసుకుని, నోరు కడుక్కునే పద్ధతిని తన పుస్తకంలో పెద్దగా రాసుకున్నాడు. చైనాలో దాన్ని విల్లో కొమ్మ అనుకుంటున్నారు, అది తప్పు, ఇండియాలో ఆ చెట్టే అరుదు అని సరిదిద్దాడు కూడా. పదమూడు వందల ఏళ్ళ కిందటి బగ్ రిపోర్టు అన్నమాట!

ఇక్కడిదాకా మనందరికీ గర్వంగానే ఉంటుంది. అసలు విషయం తర్వాత ఉంది. అదే సుశ్రుత సంహిత, అదే అధ్యాయంలో, పుల్ల ఎవరు వాడకూడదో కూడా చెబుతుంది. గొంతు, అంగిలి, పెదవి, నాలుక రోగాలున్నవాళ్ళు, నోరు పూసినవాళ్ళు, దగ్గు, ఎక్కిళ్ళు, వాంతులు ఉన్నవాళ్ళు పంటి పుల్ల ముట్టకూడదట. అంటే నోట్లో జబ్బు వచ్చాక పుల్ల మందు కాదు, దూరం పెట్టాల్సిన వస్తువు! ఇది చదివినప్పుడు నేను కాసేపు పుస్తకం మూసి కూర్చున్నా.

మరి జబ్బుకి ఏం చెప్పాడు సుశ్రుతుడు? నోటి రోగాలు 65 అని లెక్క వేశాడు. పెదవులవి 8, చిగుళ్ళవి 15, పళ్ళవి 8, నాలుకవి 5, అంగిలివి 9, గొంతువి 17, నోరంతా వచ్చేవి 3. చిగుళ్ళ నుంచి రక్తం కారి మెత్తబడే జబ్బుకి ముందు చెడ్డ రక్తం తీసేసి, ఆ తర్వాత శొంఠి, ఆవాలు, త్రిఫల, తుంగముస్తలతో పుక్కిలింత చెప్పాడు. చీము కారే పన్నుకైతే నేరుగా కత్తి. ఆ పన్ను పీకి, చోటు శుభ్రం చేసి, కాల్చమన్నాడు. (పై పన్నైతే పీకొద్దన్నాడు, రక్తం ఆగదని భయం. మత్తు మందు, యాంటీబయోటిక్ లేని రోజుల్లో ఆ భయం న్యాయమైందే.)

చూశారా, ఆయన మూడు గళ్ళు గీసుకున్నాడు. రోజూ శుభ్రానికి పుల్ల. చిగుళ్ళ మీద జబ్బుకి పుక్కిలింత. లోపల చీముకి కోత. మనం ఏం చేశామంటే, మొదటి గడిలోది పేస్టుకి వదిలేసి, రెండో గడిలోవి తీసుకెళ్ళి మూడో గడిలో పెట్టాం. ఆ తర్వాత పని చేయకపోతే ఆయుర్వేదం వేస్ట్ అని ఒకరు, చేస్తుంది నీకే నమ్మకం లేదు అని ఇంకొకరు.

ఇప్పుడు ఈ మందుల్లో ఏముందో చూద్దాం. నోట్లో సూక్ష్మజీవులుంటాయని మొదట చూసింది డచ్చి దేశంలో డెల్ఫ్ట్ ఊరి లేవెన్‌హాక్. 1683లో తన పళ్ళ మీది పాచి గీకి సూక్ష్మదర్శిని కింద పెట్టి, కదులుతున్న జీవుల గురించి లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. ఆ జీవులే చక్కెరని ఆమ్లంగా మార్చి పన్నుని కరిగిస్తాయని 1890లో డబ్ల్యూ.డి. మిల్లర్ అనే అమెరికన్ దంతవైద్యుడు బెర్లిన్లో ఉండి తేల్చాడు. పిప్పి పన్నుతో ఎక్కువగా ముడిపెట్టే స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్‌ని 1924లో క్లార్క్ గుర్తించాడు. అంటే పంట్లో పురుగు అని మన పెద్దలన్నది మరీ తప్పేం కాదు, కాకపోతే ఆ పురుగు కంటికి కనపడదు.

వేపలోని చేదుని విడగొట్టింది సలీముజ్జమాన్ సిద్దిఖీ. 1942లో వేప నూనె నుంచి నింబిన్, నింబినిన్, నింబిడిన్ అనే పదార్థాలని విడదీశాడు. దేశం రెండు ముక్కలయ్యాక 1951లో పాకిస్తాన్ వెళ్ళి అక్కడి పరిశోధనా సంస్థలకి పునాది వేశాడు. ఇందులో నింబిడిన్‌కి వాపు తగ్గించే గుణం, కొన్ని బాక్టీరియాలని అదుపు చేసే గుణం ప్రయోగాల్లో కనబడ్డాయి. 2004లో అచ్చైన ఒక మణిపాల్ అధ్యయనంలో ఆరు వారాలపాటు వేపాకు రసంతో చేసిన జెల్‌ని క్లోర్‌హెక్సిడిన్ అనే డాక్టర్లు రాసే మౌత్‌వాష్‌తో పోల్చి చూస్తే, పాచి తగ్గించడంలో వేప ఏమీ వెనకబడలేదు. చిన్న అధ్యయనమే, అయినా మంచి మాటే. గమనించండి, తగ్గింది పాచి. చీము కాదు.

వాము కథ ఇంకా తమాషాగా ఉంటుంది. మా ఇళ్ళలో ఓమ అంటాం. వాముని బట్టీ పడితే వచ్చే ఘాటు పలుకుల్ని వాము పువ్వు అంటారు. రసాయన శాస్త్రంలో దాని పేరు థైమాల్. 1879లో అమెరికాలో సెయింట్ లూయిస్‌లో జోసెఫ్ లారెన్స్ అనే డాక్టరు లిస్టరిన్ తయారు చేసినప్పుడు అందులో వేసిన నాలుగు ఘాటు పదార్థాల్లో ఒకటి ఈ థైమాలే. మిగతావి యూకలిప్టాల్, మెంథాల్, మిథైల్ సాలిసిలేట్. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు మన దేశపు వాము ఓడలెక్కి ఎక్కువగా జర్మనీకి పోయేది, అక్కడ థైమాల్ తీసేవాళ్ళు. 1914లో యుద్ధం రాగానే ఆ దారి తెగి థైమాల్‌కి కరువొచ్చింది. ఆ తర్వాత ఫ్యాక్టరీల్లో కృత్రిమంగా చేయడం నేర్చుకున్నాక వాము అవసరమే తీరిపోయింది. కర్నూలు మార్కెట్లో వాము బస్తాలు చూసినవాళ్ళు, సూపర్ మార్కెట్లో లిస్టరిన్ సీసా చూసినవాళ్ళు ఈ రెండింటికీ చుట్టరికం ఉందని ఎప్పుడైనా అనుకున్నారా?

మన హైదరాబాదులోనే 1920లో హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ మొదలుపెట్టిన జిందా తిలిస్మాత్ కూడా ఈ కుటుంబమే. నీలగిరి తైలం, కర్పూరం, మెంథాల్, థైమాల్. అదే కంపెనీ ఫారూఖీ పళ్ళపొడి కూడా చేస్తుంది. మా నాయినమ్మ బీరువాలో ఆ చిన్న సీసా లేని రోజు నాకు గుర్తు లేదు. సెయింట్ లూయిస్ డాక్టరూ, హైదరాబాద్ హకీమూ ఒకరినొకరు ఎరగరు, వేసిన దినుసులు మాత్రం దాదాపు ఒకటే.

ఇక నా ముద్దాయి, లవంగం. ఇందులో ఉన్నది యూజినాల్. చైనాలో హాన్ రాజుల కాలంలో చక్రవర్తితో మాట్లాడే ముందు దర్బారు వాళ్ళు నోట్లో లవంగం పెట్టుకోవాలని ఆచారం ఉండేదట. యూజినాల్ రెండు పనులు చేస్తుంది. బాక్టీరియాని కొంత చంపుతుంది, నరాన్ని మొద్దుబారుస్తుంది. అందుకే పంటి డాక్టర్లు దాన్ని జింక్ ఆక్సైడ్‌తో కలిపి తాత్కాలికంగా పన్ను పూడ్చడానికి పందొమ్మిదో శతాబ్దం నుంచీ వాడుతున్నారు. డాక్టరు దగ్గరికెళ్తే వచ్చే ఆ వాసన ఉందే, అది మన పోపుల పెట్టె వాసనే.

మరి బాపుకి ఎందుకు పని చేయలేదు? ఇక్కడే నాకు డాక్టరు గారు చెప్పిన ఒక ముక్క జన్మలో మర్చిపోను. పన్ను పైన గట్టి పెంకు, దాని కింద డెంటిన్, మధ్యలో నరమూ రక్తనాళాలూ ఉన్న గుజ్జు. పుచ్చు గుజ్జుదాకా పోతే నొప్పి ప్రాణం తీస్తుంది. కొన్నాళ్ళకి ఆ గుజ్జు చచ్చిపోతుంది. చచ్చిన నరానికి నొప్పి తెలీదు. నొప్పి ఠక్కున ఆగిపోతుంది. మనం మందు పనిచేసింది అనుకుంటాం! బాక్టీరియా మాత్రం వేరు కొన నుంచి ఎముకలోకి నిదానంగా దిగుతూ ఉంటుంది. పైన పెట్టిన లవంగం అక్కడిదాకా ఎలా పోతుంది? పుక్కిలించిన పసుపు నీళ్ళు ఎలా పోతాయి? మా భాషలో చెప్పాలంటే, సర్వర్లో డిస్కు పాడైతే మానిటర్ తుడవడం, పైగా అలారం వైరు కత్తిరించి "ఇప్పుడు ఎర్రర్లు రావట్లేదు" అని మేనేజరుకి మెయిలు కొట్టడం.

బాపుకి వచ్చిన దవడ కింది వాపుని మొదట వివరంగా రాసింది 1836లో జర్మనీ డాక్టరు లుడ్విగ్. ఆయన పేరుతోనే పిలుస్తారు. యాంటీబయోటిక్స్ రాకముందు ఇది వచ్చినవాళ్ళలో సగానికి పైగా చనిపోయేవారు. పదిహేడో శతాబ్దంలో లండన్ నగరపు మరణాల పట్టికల్లో ప్లేగు, క్షయ లాంటి వాటి పక్కన "పళ్ళు" అని ఒక వరుసే ఉండేది. మన ఊళ్ళలో అలాంటి పట్టికలు ఎవరూ రాయలేదు కాబట్టి, నొప్పి తగ్గినవాళ్ళ కథలు మాత్రమే మనదాకా వచ్చాయి. వాచి పోయినవాళ్ళు చెప్పడానికి మిగల్లేదు. పెద్దల వైద్యం గురించి మాట్లాడేటప్పుడు నాకు ఇప్పుడు ముందుగా గుర్తొచ్చేది ఈ సంగతే.

ఇంకో కథ చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే ఇందులో మనవాడున్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములిద్దరిని స్ప్రూ అనే జబ్బు పొట్టన పెట్టుకుంది. అందులో విరేచనాలతో పాటు నోరంతా పూసి నాలుక మండిపోతుంది. తనకీ వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకుని, మద్రాసులో ఆయుర్వేద కళాశాలలోనే పాఠాలు చెప్పి, 1923లో అమెరికా వెళ్ళాడు. 1941లో టెక్సాస్ శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర నుంచి చిటికెడు పదార్థం తీసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. దాన్ని 1945లో లెడర్లీ కంపెనీలో కృత్రిమంగా తయారు చేసింది సుబ్బారావు బృందం. స్ప్రూ రోగులకి ఇస్తే నాలుక మంట తగ్గింది. ఆకులో మందుంది నిజమే. కానీ అక్కడ నోటి పూతకి కారణం సూక్ష్మజీవి కాదు, లోపం. అదే సుబ్బారావు ఆధ్వర్యంలో 1948లో వచ్చిన ఆరియోమైసిన్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసింది. ఆయనకి ఆకు మనది, మట్టి వాళ్ళది అన్న పట్టింపు లేదు. ఏ జబ్బుకి ఏది పని చేస్తుందన్నదే ఆయన ప్రశ్న.

మనకి పట్టింపు మాత్రం బాగానే ఉంది. పసుపుతో గాయం మానుతుందని 1995లో అమెరికాలో పేటెంటిస్తే మన సీఎస్ఐఆర్ పోట్లాడి 1997లో రద్దు చేయించింది. వేప నూనె ఫంగస్‌ని అరికడుతుందని ఐరోపాలో 1994లో ఇచ్చిన పేటెంటు 2000లో రద్దయి, 2005లో అప్పీలు కూడా కొట్టేశారు. మంచిదే, చాలా సంతోషం. కానీ "ఇది మాది" అని నిరూపించడానికి పెట్టినంత పట్టుదల, "ఇది ఎంత పనిచేస్తుంది, ఎక్కడ పనిచేయదు" అని తేల్చడానికి పెట్టామా? నాకైతే లేదనిపిస్తుంది. చిన్న చిన్న అధ్యయనాలు బోలెడున్నాయి, వందలమందిని ఏళ్ళ తరబడి చూసినవి వేళ్ళ మీద లెక్కపెట్టాలి. తెలుగు వాళ్ళు ఫంగస్‌ని చంపుతుందని గొప్పగా చెప్పుకునే వేప చెట్లకే 2021లో తెలంగాణ అంతటా ఫంగస్ తెగులు పట్టి కొమ్మలు ఎండిపోయాయి. మెట్టుగుట్టకి పోయే దారిలో నిలువునా మాడిన చెట్లు నేను చూశా. చెట్టుకీ ఒక హద్దుంటుంది, మనమే దానికి లేని మహిమ అంటగడతాం.

మా మడికొండలో పెరిగిన కాళోజీ పేరు మీదే వరంగల్లో వైద్య విశ్వవిద్యాలయం ఉంది. తెలంగాణ డెంటల్ కాలేజీలు చాలావరకు దాని కిందకే వస్తాయి. అదే ఊళ్ళో అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల కూడా ఉంది. ఈ రెండు చోట్ల వాళ్ళూ కలిసి యాప పుల్ల, ఓమ, కానుగ గురించి మన జనం మీదే ఒక పెద్ద అధ్యయనం చేసి, ఫలితాన్ని కాళోజీ మెచ్చే పలుకుబడి భాషలో ఊరూరా చెబితే ఎంత బాగుంటుంది! ఇది నా కోరిక మాత్రమే.

అప్పటిదాకా, నా తప్పు మీరు చేయకుండా నాలుగు ముక్కలు. పుల్లతో తోముకుంటే తోముకోండి, మెత్తగా నమిలి, చిగురు గీరుకోకుండా. రాత్రి నొప్పి లేస్తే లవంగం పెట్టుకోండి, కానీ అది తెల్లారి డాక్టరు దగ్గరికి పోయేదాకానే. నొప్పి దానంతటదే ఆగిపోతే సంతోషించకండి, అప్పుడు ఇంకా తొందరగా పోండి. దవడ వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా, మింగలేకపోయినా ఆ పూటే ఆస్పత్రి. నోట్లో పుండు గానీ తెల్ల మచ్చ గానీ రెండు మూడు వారాలకి మానకపోతే పసుపు పూసుకుంటూ కూర్చోకండి, ముఖ్యంగా తంబాకు, గుట్కా అలవాటున్నవాళ్ళు. పసిపిల్లల నోట్లో వేప నూనె, లవంగ నూనె అసలు పోయకండి, వాళ్ళకి విషమవుతుంది.

మొన్న ఆదివారం బాపు పెరట్లో యాప పుల్ల విరిచి నములుతుంటే, "ఇంకా అదేనా బాపూ?" అన్నా. "పుల్లనేం జేసిందిరా, పుల్ల మంచిదే. నీ ఫోనే మంచిది గాదు" అన్నాడు. నేనేం మాట్లాడలేదు. వచ్చే నెల చెకప్‌కి ఇద్దరికీ కలిపి అపాయింట్‌మెంట్ తీసుకున్నా.

మీ ఊళ్ళో ఏ పుల్ల వాడేవాళ్ళు? కానుగా, ఉత్తరేణా, మర్రి ఊడా? గుర్తుంటే చెప్పండి, రాసి పెట్టుకుంటా.